అర్థం కాకపోయినా... ఆగి విన్నారు!

మూడు లక్షల మంది మాట్లాడే భాషలో పాడితే ప్రపంచం వింటుందా? 'వినదు' అన్నారు అంతా. వినింది! ఐస్‌లాండ్ కుర్రాళ్ల బృందం 'సిగుర్ రోస్' కథ ఇది. పాట కోసం ఇల్లు వదిలి వెళ్లినవాళ్లు, పాటలోంచి మాత్రం ఇంటిని వదలని కథ.

చిన్న దేశంలో పుట్టి పెద్ద కల కన్న ప్రతి గాయకుడికీ ఒకరోజు ఆ ప్రశ్న ఎదురవుతుంది. ఏ భాషలో పాడాలి? సొంత భాషలో పాడితే ఊరు వింటుంది. ఇంగ్లిష్‌లో పాడితే లోకం వింటుంది. రాక్ సంగీతంలో అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. అది పుట్టిందే అమెరికాలో. పెద్ద మార్కెట్లు అమెరికా, బ్రిటన్. రేడియో వాళ్లదీ, పత్రికలు వాళ్లవీ, కంపెనీలూ వాళ్లవే. మరి వాళ్ల భాషలో పాడకపోతే ఎలా?

దేశం కాస్త పెద్దదైతే ఈ బాధ ఉండదు. ఇంట్లోనే కోట్ల మంది శ్రోతలుంటే ఇంగ్లిష్ ఊసెత్తకుండానే జీవితం గడిచిపోతుంది. ఐస్‌లాండ్‌కు ఆ వెసులుబాటు లేదు. విస్తీర్ణంలో అది తెలంగాణ కన్నా కాస్త చిన్న. జనాభా మాత్రం 1994లో రెండు లక్షల అరవై వేల పైచిలుకు. అంటే మన దగ్గర ఓ మోస్తరు పట్టణమంత! ఇప్పటికీ నాలుగు లక్షలు దాటలేదు. పాటల సీడీ ఎంత బాగా అమ్ముడుపోయినా, దాంతో నలుగురు మనుషులు నాలుగేళ్లు బతకడం కష్టం. దేశమంతా తిరిగి కచేరీలు చేసినా పట్టుమని పది ఊళ్లు దాటవు. కాబట్టి సంగీతమే బతుకుదెరువు కావాలంటే విమానం ఎక్కాల్సిందే. అది గొప్ప కోసం కాదు, గత్యంతరం లేక.

పోస్టుకార్డు పెట్టుబడి!

సిగుర్ రోస్ కన్నా ముందు ఆ విమానం ఎక్కినవాళ్లున్నారు. వాళ్ల కథ చెప్పుకోకపోతే ఇది సగమే అవుతుంది.

1986 అక్టోబరు. అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నాయకుడు గోర్బచెవ్ అణ్వాయుధాల గురించి మాట్లాడుకోవడానికి ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌కు వచ్చారు. ప్రపంచంలోని విలేకరులంతా ఆ చిన్న ఊళ్లో దిగారు. అదే సమయంలో అక్కడి కొందరు కుర్ర కవులూ, పాటగాళ్లూ కలిసి 'స్మెక్‌లేసా' అనే సంస్థ పెట్టారు. ఆ మాటకు అర్థం 'అభిరుచి లేనితనం'! పేరులోనే వెటకారం. చేతిలో పైసా లేదు. ఏం చేశారంటే... ఆ ఇద్దరు నాయకుల భేటీకి గుర్తుగా ఓ పోస్టుకార్డు అచ్చేసి అమ్మారు. అది బాగా పోయింది. ఆ డబ్బుతోనే తమ బృందం మొదటి రికార్డు తెచ్చారు. ఆ బృందమే 'షుగర్‌క్యూబ్స్'. అందులో గాయని బ్యోర్క్.

వాళ్ల నినాదం ఇంకా తమాషా. 'ప్రపంచాన్ని ఏలడమో, చావడమో' అన్నారు. సరదాకే అన్నారుగానీ సగం నిజమైంది. 1987లో 'బర్త్‌డే' పాటను బ్రిటన్ సంగీత పత్రికలు ఆకాశానికెత్తేశాయి. 1988లో తొలి ఆల్బమ్ వచ్చింది. అదే ఏడాది అమెరికా టీవీలో 'సాటర్‌డే నైట్ లైవ్' వేదికెక్కారు. అయితే విదేశాల్లో వాళ్లు పాడింది ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే. రెండో ఆల్బమ్‌ను లోకానికి ఇంగ్లిష్‌లో, ఇంటికి ఐస్‌లాండిక్‌లో... రెండుసార్లు పాడి ఇచ్చారు! 1992లో 'యూ2' బృందంతో కలిసి అమెరికాలో కచేరీలు చేశాక విడిపోయారు. ఆ మరుసటి ఏడాదే బ్యోర్క్ లండన్‌లో స్థిరపడి 'డెబ్యూ' ఆల్బమ్‌తో ప్రపంచ తార అయింది.

దాంతో చిన్న దేశం నుంచి బయటికి ఓ దారి ఉందని తేలిపోయింది. ఆ దారి ఇంగ్లిష్ మీదుగానే పోతుందనీ దాదాపు తేలిపోయింది.

చెల్లాయి పేరే బృందం పేరు

1994 జనవరి. పద్దెనిమిదేళ్ల యోన్ థోర్ బిర్గిసన్... అందరూ పిలిచేది యోన్సీ అని... ఇద్దరు స్నేహితులతో కలిసి బృందం కట్టాడు. బేస్ గిటార్ గేయోర్గ్ హోల్మ్‌ది, డ్రమ్స్ ఔగుస్ట్ గున్నార్సన్‌వి. పేరు ఏం పెట్టాలి? సరిగ్గా ఆ రోజుల్లోనే యోన్సీకి చెల్లాయి పుట్టింది. ఆ పాపకు సిగుర్‌రోస్ అని పేరు పెట్టారు. 'విజయ గులాబీ' అన్నమాట. అదే పేరును రెండు ముక్కలు చేసి బృందానికి తగిలించేశారు.

యోన్సీకి పుట్టుకతోనే ఓ కంటికి చూపు లేదు. గొంతు మాత్రం విచిత్రం. మగవాడి గొంతని ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు, అంత పైస్థాయిలో పలుకుతుంది. గిటార్‌ను అందరిలా వేళ్లతో మీటడు. చెల్లో వాయించే కమానును గిటార్ తీగల మీద లాగుతాడు. మీటితే పలికే గిటార్, కమాను తగిలేసరికి మూలుగుతుంది, ఊళ పెడుతుంది, ఒక్కోసారి సముద్రమంత హోరెత్తుతుంది.

మొదటి ఆల్బమ్ తయారీకి స్టూడియో అద్దె కట్టే స్తోమత లేదు. బదులుగా స్టూడియోకి రంగులు వేసి రుణం తీర్చుకున్నారు. 1997లో స్మెక్‌లేసా సంస్థే ఆ ఆల్బమ్ విడుదల చేసింది. పేరు 'వోన్'... అంటే ఆశ. ఆ ఏడాది ఐస్‌లాండ్‌లో అమ్ముడుపోయినవి 313 కాపీలు! లక్షల్లో ఆశపడితే వందల్లో వచ్చాయి. మరొకరైతే అక్కడితో కట్టిపెట్టేవారే.

వాళ్లు కట్టిపెట్టలేదు. 1998లో క్యార్టన్ స్వేన్సన్ జతకలిశాడు. నలుగురిలోనూ సంగీతం పద్ధతిగా చదువుకున్నది అతనొక్కడే. కీబోర్డూ, వయొలిన్ల మేళవింపూ అతని చేతికి వచ్చాయి. 1999 జూన్‌లో రెండో ఆల్బమ్ వచ్చింది. కొత్త పాటల్లో మొదటిదాన్ని విన్న ఓ స్నేహితుడు 'ఫర్వాలేదు, మంచి ఆరంభమే' అన్నాడట. ఆ మాటనే ఆల్బమ్‌కి పేరుగా పెట్టేశారు... 'ఔగైటిస్ బిర్యున్'. మొదటి విడత అట్టపెట్టెలను బృందంలోని వాళ్లే కూర్చుని జిగురుతో అంటించారు. ఆ జిగురు అంటి కొన్ని సీడీలు పాడయ్యాయి కూడా!

ఈసారి మాత్రం ఇంట్లో గెలిచారు. ఐస్‌లాండ్ జనం ఎగబడి కొన్నారు. 2000లో బ్రిటన్‌లో, 2001లో అమెరికాలో విడుదలైంది. అప్పటికే ప్రపంచాన్ని ఊపేస్తున్న 'రేడియోహెడ్' బృందం 2000లో తమ ఐరోపా కచేరీలకు ముందు వీళ్ల చేత పాడించింది. టామ్ క్రూజ్ నటించిన 'వెనిలా స్కై' సినిమాలో దర్శకుడు కామెరాన్ క్రో వీళ్ల పాటలు వాడుకున్నాడు. అమెరికాలో 2001లో కొత్తగా పెట్టిన 'షార్ట్‌లిస్ట్' సంగీత బహుమతి మొదటిసారి వీళ్లకే దక్కింది.

విచిత్రమేంటంటే, ఆ పాటల్లో ఒక్క ఇంగ్లిష్ ముక్క లేదు!

'ఆశ భాష'

ఒక్కోసారి ఐస్‌లాండిక్ ముక్క కూడా ఉండదు. యోన్సీకి ఓ అలవాటు. బాణీ ముందు పుడుతుంది, మాటలు తర్వాత. ఈలోగా నోటికి వచ్చిన శబ్దాలతో పాడేస్తుంటాడు. మన ఇళ్లలో అమ్మలు 'ళొళొళొ... హాయీ' అంటూ పిల్లల్ని ఊపినట్టే. ఆ 'ళొళొళొ'కు నిఘంటువులో అర్థం వెతుకుతామా? అయినా పాపాయి నిద్రపోతుంది కదా!

కొన్ని పాటలకు ఆ శబ్దాలే బాగున్నాయనిపించింది. అలాగే ఉంచేశారు. 'వోన్' పాటలో మొదటిసారి వాడారు కాబట్టి దానికి 'వోన్లెన్‌స్కా' అని పేరు వచ్చింది. 'ఆశ భాష' అనుకోవచ్చు. దానికి వ్యాకరణం లేదు. పదకోశం లేదు. గొంతు కూడా ఓ వాయిద్యమే అనుకుంటే అంతే.

2002లో వచ్చిన మూడో ఆల్బమ్ మొత్తం ఆ భాషలోనే. దానికి పేరు లేదు. అట్ట మీద రెండు కుండలీకరణాలు, మధ్యలో ఖాళీ. ఎనిమిది పాటలు, వాటికీ పేర్లు లేవు. లోపల పాటల పుస్తకం తెరిస్తే తెల్ల కాగితాలు! వినేవాళ్లు తమకు తోచిన మాటలు తామే రాసుకోవాలని. వినిపించిన శబ్దంలోంచి ఎవరి సంతోషం వాళ్లకు, ఎవరి దుఃఖం వాళ్లకు దొరుకుతుంది.

పైకి చూస్తే ఇది వింత చేష్ట. కొంచెం ఆలోచిస్తే చాలా తెలివైన జవాబు. లండన్ శ్రోతకు ఐస్‌లాండిక్ రాదు. రేక్యవిక్ శ్రోతకు ఇంగ్లిష్ పాటలో ఇల్లు కనిపించదు. ఎవరికీ రాని భాషలో పాడితే? అందరూ సమానమే! పెద్ద దేశం, చిన్న దేశం అన్న తేడా ఆ తెల్ల కాగితం దగ్గర పోయింది. అయితే వేళాకోళం చేసినవాళ్లూ లేకపోలేదు. అర్థంలేని అరుపులన్నారు. డెబ్భై నిమిషాల పాటు నిద్రపుచ్చుతున్నారన్నారు. ఆ మాటల్లో కాస్త నిజం ఉన్నా, వినేవాళ్లు మాత్రం పెరుగుతూనే పోయారు.

ఆ ఆల్బమ్‌ని తయారుచేసిన చోటూ మామూలుది కాదు. రేక్యవిక్‌కి దగ్గర్లోని మోస్‌ఫెల్స్‌బైర్‌లో 1930ల నాటి ఈతకొలను ఒకటి వాడకంలో లేక పడి ఉంది. దాన్ని స్టూడియోగా మార్చుకున్నారు. పేరు 'సుండ్‌లాయ్‌గిన్'... అంటే ఈతకొలనే!

భాష మీద బెంగ

ఐస్‌లాండ్ వాళ్లకు భాష మీద మమకారం ఎంతో తెలిస్తేగానీ ఈ పాటల విలువ తెలియదు. దాదాపు 800 ఏళ్ల కిందట రాసిన సాగాలను అక్కడి విద్యార్థులు కొద్దిపాటి సాయంతో ఇప్పటికీ చదివి అర్థం చేసుకోగలరు. కొత్త వస్తువు వస్తే విదేశీ పేరు పెట్టుకోరు. పాత మాటకే కొత్త పని చెబుతారు. టెలిఫోన్‌ను 'సీమి' అంటారు. పూర్వం ఆ మాటకు దారం అని అర్థం. కంప్యూటర్‌కి వాళ్లు పెట్టుకున్న పేరు 'తోల్వా'... అంకె అనే మాటనూ, జోస్యం చెప్పే స్త్రీ అనే మాటనూ కలిపి కుట్టారు. అంటే 'అంకెల సోదెమ్మ' అన్నమాట!

సిగుర్ రోస్ కూడా ఆ పాత గూటికి వెళ్లింది. 'రీముర్' అని అక్కడ శతాబ్దాల నాటి పద్యగాన సంప్రదాయం ఉంది. వాయిద్యం లేకుండా రాగయుక్తంగా చదువుతారు. దాన్ని పాడే స్టేన్‌దోర్ ఆండర్సన్ అనే జాలరిని వెంటబెట్టుకుని కచేరీలు చేశారు. 2002లో లండన్ బార్బికన్ కేంద్రంలో ఓ పాత ఐస్‌లాండిక్ కావ్యాన్ని వాద్యబృందంతో కలిసి సంగీతరూపకంగా ప్రదర్శించారు. అది ఆల్బమ్‌గా బయటికి వచ్చింది 18 ఏళ్ల తర్వాత... 2020లో!

ఆ మమకారం వెనక బెంగ కూడా ఉంది. ఇవాళ ఐస్‌లాండ్ పిల్లల చేతిలో ఫోను మాట్లాడేది ఇంగ్లిష్. ఆటలు, సినిమాలు, వీడియోలు అన్నీ ఇంగ్లిష్. ఊరినిండా పర్యాటకులు కాబట్టి హోటల్లో పలకరింపూ ఇంగ్లిషే. ఇలాగైతే తమ భాష వంటింటికి పరిమితమైపోతుందేమోనని అక్కడి భాషావేత్తలు ఏళ్ల తరబడి హెచ్చరిస్తున్నారు. అలాంటి చోట, ఓ బృందం సొంత భాషలో పాడి ప్రపంచాన్ని మెప్పించిందంటే అది కేవలం పాట గెలుపు కాదు. 'మన మాట ఎవరికి కావాలిలే' అనుకునే పిల్లాడికి దొరికిన జవాబు.

ఇంటికొచ్చిన కచేరీ

2005లో నాలుగో ఆల్బమ్ 'తాక్' వచ్చింది. అంటే 'థాంక్స్'. ఇప్పుడు వెనక ఉన్నది ఈఎంఐ లాంటి పెద్ద కంపెనీ. అందులో 'హొప్పీపొల్లా' అనే పాట ఉంది. వానకు నిలిచిన నీటి గుంటల్లో గెంతడం అని అర్థం. 2006లో బీబీసీ 'ప్లానెట్ ఎర్త్' ధారావాహిక ప్రకటనలకు ఆ పాటను వాడుకుంది. అంతే! పేరు పలకడం రానివాళ్లు కూడా ఆ బాణీని గుర్తుపట్టసాగారు. అయితే పాట అడిగిన ప్రతి ప్రకటనకూ వాళ్లు తలూపలేదు. కాదంటే, కొన్ని కంపెనీలు అచ్చం అలాంటి బాణీలే కట్టించుకున్నాయి.

ఏడాదికి పైగా ప్రపంచమంతా తిరిగారు. పెద్ద పెద్ద హాళ్లు, వేలమంది జనం. తిరిగి తిరిగి 2006 వేసవిలో ఇంటికొచ్చారు. వచ్చి ఏం చేశారు? సొంత దేశంలో ఊరూరా ఉచితంగా పాడారు. చాలాచోట్ల ముందుగా చాటింపు కూడా లేదు. మూతపడి శిథిలమైన హెర్రింగ్ చేపల ఫ్యాక్టరీలో పాడారు. గుర్రపుడెక్క ఆకారంలో ఉండే ఔస్‌బిర్గి లోయలో పాడారు. తాతలూ మనవలూ కలిసి కూర్చునే చిన్న సామాజిక భవనాల్లో పాడారు. రేక్యవిక్‌లోని పార్కులో పాడితే ఊరంతా కదిలొచ్చింది.

తూర్పు కొండల్లో కారాన్యూకర్ ఆనకట్ట కడుతున్న రోజులవి. అమెరికా కంపెనీ పెట్టే అల్యూమినియం కర్మాగారానికి కరెంటు కోసం విశాలమైన కొండప్రాంతం మునిగిపోబోతోంది. దాన్ని వ్యతిరేకించినవారు అక్కడే గుడారాలు వేసుకుని ఉన్నారు. వారి దగ్గరికెళ్లి, మైకులూ ఆంప్లిఫయర్లూ ఏమీ లేకుండా ఉత్త వాయిద్యాలతో పాడారు. కరెంటు కోసం నేల మునిగిపోతున్నచోట కరెంటు లేని పాట! ఆనకట్ట ఆగలేదు. కానీ పాడిన చోటు చాలామందికి గుర్తుండిపోయింది.

ఈ ప్రయాణం 2007లో సినిమాగా వచ్చింది. పేరు 'హేమా'. తెలుగువాళ్లకు అమ్మాయి పేరులా వినిపిస్తుందిగానీ, ఐస్‌లాండిక్‌లో 'ఇంటి దగ్గర' అని అర్థం. ప్రపంచం మొత్తం తిరిగినవాళ్లు చెప్పుకోదగ్గ సినిమా ఒకటి తీస్తే, అది ఇంటి గురించే అయింది.

ఒక్క ఇంగ్లిష్ పాట

2008లో ఐదో ఆల్బమ్ వచ్చింది. అందులో చివరి పాట... ఇంగ్లిష్‌లో! 14 ఏళ్లలో మొదటిసారి. 'చివరికి వీళ్లూ అటే వెళ్లారా' అని అభిమానులు ఉలిక్కిపడ్డారు. వెళ్లలేదు. 2012లో 'వాల్తారి', 2013లో 'క్వేకుర్' మళ్లీ తమ దారిలోనే వచ్చాయి. ఇంగ్లిష్ మీద వాళ్లకు పంతమేమీ లేదని ఆ ఒక్క పాట చెప్పింది. నోటికి ఏది సహజంగా వస్తే అదే పాడతారు. అంతే తేడా.

ఇంగ్లిష్‌లో పాడేవాళ్లంతా తక్కువవాళ్లని కాదు. 2010లో ఐస్‌లాండ్ యువ బృందాల పోటీ 'మ్యూసిక్‌తిల్‌రాయ్‌నిర్'లో గెలిచిన 'ఆఫ్ మాన్‌స్టర్స్ అండ్ మెన్' బృందం ఇంగ్లిష్‌లోనే పాడింది. వాళ్ల తొలి ఆల్బమ్ 2012లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ఆరో స్థానంలో దిగింది. 'లిటిల్ టాక్స్' పాట దేశదేశాల రేడియోల్లో మోగింది. అదీ ఐస్‌లాండ్ విజయమే. ఈ రెండు దారులకూ వెనక ఒకే పునాది ఉంది. ఊరూరా ప్రభుత్వ సాయంతో నడిచే సంగీత పాఠశాలలు, 1982 నుంచి జరుగుతున్న ఆ కుర్రాళ్ల పోటీ, 1999లో ఓ విమానాల షెడ్డులో మొదలైన 'ఐస్‌లాండ్ ఎయిర్‌వేవ్స్' ఉత్సవం. ప్రతిభ ఆకాశం నుంచి ఊడిపడదు. పిల్లలకు వాయిద్యం అందించాలి, వేదిక చూపించాలి.

గెలుపుకి చెల్లించిన మూల్యమూ ఉంది. నెలల తరబడి ఇంటికి దూరం. ఒకరి తర్వాత ఒకరు విడిపోవడం. తొలి డ్రమ్మర్ రెండో ఆల్బమ్ తర్వాతే వెళ్లిపోయాడు. క్యార్టన్ 2013లో బయటికెళ్లాడు. రెండో డ్రమ్మర్ 2018లో. చివరికి మిగిలింది ఇద్దరే... యోన్సీ, గేయోర్గ్. పదేళ్ల పాటు కొత్త ఆల్బమ్ లేదు. ఆ మధ్యలో 2016లో మాత్రం ఓ వింత పని చేశారు. ఐస్‌లాండ్ చుట్టూ తిరిగే 1,332 కిలోమీటర్ల రహదారి మీద కారుకు కెమెరా కట్టి, 24 గంటలు ఆగకుండా నడుపుతూ, తమ సంగీతంతో టీవీలో ప్రత్యక్ష ప్రసారం చేశారు. పాటకు దేశం మొత్తం చుట్టుకొలత అన్నమాట!

అంతా అయిపోయిందనుకున్నారు. 2022లో క్యార్టన్ తిరిగొచ్చాడు. 2023 జూన్‌లో కొత్త ఆల్బమ్ వచ్చింది. డ్రమ్స్ హోరు తగ్గింది, వయొలిన్ల జాలు పెరిగింది. వాద్యబృందాన్ని వెంటబెట్టుకుని మళ్లీ దేశాలు తిరిగారు. అది వాళ్ల ఎనిమిదో ఆల్బమ్. పేరు కూడా అదే... 'ఔట్టా', అంటే ఎనిమిది. మన 'అష్ట'కూ ఆ మాటకూ వేల ఏళ్ల కిందటి చుట్టరికం ఉందంటారు భాషా శాస్త్రవేత్తలు. ఎక్కడి మంచుదేశం, ఎక్కడి మనం!

313 కాపీలతో మొదలైన ఆ ఆశకు ఇప్పుడు మూడు పదులు దాటాయి. ఈ ముప్ఫయ్యేళ్లలో కోట్లమంది ఆ పాటలు విన్నారు. అందులో ఎంతమందికి ఐస్‌లాండిక్ వచ్చు? చాలా కొద్దిమందికే. కానీ ఆ పాటలు విన్నాక 'ఇది ఏ భాష, ఏ దేశం' అని అడిగినవాళ్లెందరో. చిన్న భాషకు అంతకు మించిన ఆయుష్షు ఏముంటుంది?